నేర్పేవారికి ఎవరు నేర్పారు?

రెండేళ్ళ క్రితం సెలవులలో మేము కెనడా దేశంలోని ఎడ్మంటన్ నగరంలో స్థిరపడిన మా చెల్లెలి యింటికి వెళ్ళాము. ఒక శనివారం ఉదయం పొరుగింటి పెద్దావిడ తన మనుమరాలిని నృత్య తరగతికి తీసుకువెళుతూ మమ్మల్ని కూడా రమ్మన్నారు. ఆమె తాతలు ఉక్రెయిన్ నుండి వచ్చి ఆ మైదానాలలో గోధుమ పండించిన రైతులు. ఒక హాలులో ముప్పై మంది పిల్లలు ఎర్ర బూట్లు తొడుక్కుని వరుసలలో నిలబడ్డారు. ఒక మూల అకార్డియన్ వాయించే ముసలాయన కూర్చున్నాడు. పాతికేళ్ళ అమ్మాయి ఒకతె ఎదుట నిలబడి లెక్క చెబుతూ అడుగులు నేర్పుతున్నది.

మేము బడిపంతులం కనుక పిల్లలకంటె నేర్పే మనిషినే ఎక్కువగా చూశాము. ఆ అమ్మాయి చేతి వాటం, నడుము నిలుపు చూస్తే ఎక్కడో గట్టి శిక్షణ పొందినట్టు తెలుస్తున్నది. "చిన్నప్పుడు మీరూ ఇలాగే నేర్చుకున్నారా?" అని పెద్దావిడను అడిగాము. ఆమె నవ్వి, "మా అమ్మకు ఎవరూ నేర్పలేదు. పెళ్ళిళ్ళలో ఆడింది, అంతే. ఈ పిల్ల ఆడే ఆట మా అమ్మ చూస్తే తనదని గుర్తుపట్టదు. అయినా నా మనుమరాలు ఆడుతుంటే నా కళ్ళు నిండుతాయి" అన్నారు.

ఆ మాట మమ్మల్ని వదలలేదు. మన సభలో పిల్లలకు కోలాటం ఎవరు నేర్పాలి అన్న తర్జనభర్జన ఆ రోజులలోనే మొదలయింది. ఆ సంగతి చివర చెబుతాము. అంతకుముందు ఉక్రెయిన్ వారి జానపద నృత్యానికి గురువులు ఎక్కడ నుండి వచ్చారో, వారు ఏ చదువు చదివి గురువులయారో, ఆ తరువాత మేము చదివి తెలుసుకున్నంతవరకు పాఠకులకు మనవి చేస్తాము.

ఊరే గురువు

1891లో వసీల్ ఎలెన్యాక్, ఇవాన్ పిలిపివ్ అనే ఇద్దరు రైతులు గలీసియా ప్రాంతంలోని ఒక పల్లె నుండి కెనడాకు వచ్చారు. ఆ దేశంలో ఉక్రెయిన్ వారి వలసకు దానినే మొదలుగా లెక్కిస్తారు. పది డాలర్ల రుసుము కడితే 160 ఎకరాల బీడు భూమి యిస్తారన్న వార్త పల్లెపల్లెకూ పాకింది. 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చేలోపల సుమారు 1,70,000 మంది వచ్చారు. వారిలో ఎక్కువ మంది అప్పటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో వున్న గలీసియా, బుకోవినా ప్రాంతాలవారు. అంటే ఉక్రెయిన్‌కు పడమటి అంచువారు. ఈ మాట గుర్తుంచుకోవాలి. తరువాత పనికి వస్తుంది.

ఆ పల్లెలలో నృత్య గురువు అనే మాటే లేదు. పెళ్ళి రెండు మూడు రోజులు సాగేది. ఫిడేలు, త్సింబాలి అనే తీగల వాద్యం, డప్పు వుంటే చాలు. కొలొమీయా పట్టణం పేరు మీద ప్రసిద్ధమైన కొలొమీయ్‌కా ఆడేవారు. కార్పాతియన్ కొండలలో వుండే హుత్సుల్ జనం మగవారు ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని, గుండ్రంగా నిలిచి అర్కాన్ ఆడేవారు. పిల్లలు గోడ వారగా నిలబడి చూసేవారు. కొంచెం ఎదిగాక పెద్దల వెనుక చేరేవారు. తప్పు అడుగు వేస్తే పక్కవాడు మోచేతితో పొడిచేవాడు. అదే పాఠం, అదే పరీక్ష.

మనకు ఇది కొత్త కాదు. 1860లో 'ట్రూరో' ఓడ మద్రాసు నుండి నేటాల్ రేవుకు చేరినప్పుడు అందులో నాట్యాచార్యులు రాలేదు. వచ్చినవారి కాళ్ళలో, చేతులలో ఆట వున్నది. ఎవరికైనా పొలాలు, పెళ్ళిళ్ళు, తీరికగా వుండే ముసలివాళ్ళు వున్నంతకాలం గురువు అవసరం రాదు. ఊరు చెదిరినప్పుడు, లేదా ఆట వేదిక ఎక్కినప్పుడు గురువు కావలసి వస్తాడు. ఉక్రెయిన్ వారికి ఈ రెండూ దాదాపు ఒకే కాలంలో జరిగాయి.

బడిపంతులు నోటుపుస్తకం

వారి మొదటి గురువు మా వంటి బడిపంతులే అని తెలిసి మాకు ఎంతో సంతోషం కలిగింది. ఆయన అసలు పేరు వసీల్ కొస్తివ్. 1880లో గలీసియాలోని స్తారీ మిజూన్ అనే కొండపల్లెలో పుట్టారు. సాంబీర్ పట్టణంలో ఉపాధ్యాయ శిక్షణ పొంది పల్లె బడులలో పాఠాలు చెప్పారు. పాట బాగా పాడేవారు. ఆ పాటే ఆయనను నాటకాలవైపు లాగింది. వెర్‌హోవినెత్స్, అంటే 'కొండనాటివాడు', అని రంగస్థలానికి పేరు పెట్టుకున్నారు. 1906లో మికోలా సదోవ్‌స్కీ నాటక సమాజంలో గాయకుడుగా, నటుడుగా చేరి రష్యా సామ్రాజ్యంలో వున్న కీవ్ వైపు వచ్చారు.

ఆ నాటకశాల గురించి ఒక మాట చెప్పాలి. జార్ చక్రవర్తి ప్రభుత్వం 1876లో ఉక్రెయిన్ భాషలో పుస్తకాలు అచ్చు వేయడాన్ని, నాటకాలు ఆడడాన్ని నిషేధించింది. 1881 తరువాత నాటకాలకు ఎన్నో షరతులతో అనుమతి యిచ్చారు. బడిలో లేని భాష, పత్రికలలో లేని భాష, నాటకంలో మాత్రం కొంత వినిపించేది. అందుచేత పాట, ఆట లేని ఉక్రెయిన్ నాటకం వుండేది కాదు. భాషను మూసివేసినచోట జాతికి కాళ్ళే నోరయినాయి.

వేదిక మీద ఆడుతున్న ఆటకూ పల్లెలో ఆడే ఆటకూ వున్న తేడా వెర్‌హోవినెత్స్ కంట పడింది. ఆయన కీవ్ పరిసరాలలోని పల్లెలకు వెళ్ళారు. పెళ్ళిళ్ళలో కూర్చున్నారు. చూడడమే కాదు, రైతులతో కలిసి ఆడి నేర్చుకున్నారు. ఆయన భార్య యెవ్‌దోకియా దోల్యా కూడా ఆ సమాజంలో నటి. ఆయన సంగీతం తెలిసిన మనిషి కనుక ఏ అడుగు ఏ తాళంలో ఎక్కడ పడుతున్నదో వ్రాసుకున్నారు. 1919లో 'ఉక్రెయిన్ జానపద నృత్య సిద్ధాంతం' అనే పుస్తకం వెలువరించారు. అందులో అడుగులకు పల్లెవారు పలికే పేర్లనే చాలావరకు నిలిపారు. పరుగువంటి అడుగు 'బిహునెత్స్'. అటూ యిటూ తొక్కే అడుగు 'తినోక్', అంటే చిన్న దడి. ఇంకొకటి 'దొరీజ్‌కా', అంటే చిన్న బాట. మోకాళ్ళు మడిచి నేలకు దిగి లేచేది 'ప్రిస్యాద్‌కా'. ఈ పేర్లు ఈనాటికీ ఎడ్మంటన్‌లోనూ కీవ్‌లోనూ తరగతులలో వినిపిస్తాయి.

తరువాత ఆయన పొల్తావాలో ఉపాధ్యాయులను తయారుచేసే విద్యాలయంలో పాఠాలు చెప్పారు. పిల్లల ఆటపాటలను 'వెస్న్యానోచ్‌కా' అనే పుస్తకంగా కూర్చారు. 1930లో స్త్రీలే పాడుతూ ఆడే ఒక బృందాన్ని నెలకొల్పారు. 1935లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ జానపద నృత్యోత్సవానికి వెళ్ళిన బృందం కోసం లియొనీద్ జూకోవ్ అనే బాలే నిపుణునితో కలిసి హోపాక్ నృత్యాన్ని కూర్చారు. అక్కడ దానికి గొప్ప పేరు వచ్చింది.

మూడేళ్ళు గడిచేసరికి ఆయన లేరు. స్తాలిన్ కాలపు భీభత్సంలో ఆయనను పట్టుకుపోయి, 1938లో కీవ్‌లో కాల్చి చంపారు. ఆయన నేరం ఏమీ లేదని అదే ప్రభుత్వం తరువాత ఒప్పుకున్నది. 1960ల్లో ఆయన పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేసింది.

ముళ్ళకంచె లోపల బడి

రెండవ గురువు పేరు కూడా వసీలే. వసీల్ అవ్‌రమెన్కో 1895లో కీవ్‌కు దక్షిణాన వున్న స్తెబ్లివ్ అనే ఊరిలో పుట్టారు. చిన్ననాడే తల్లిదండ్రులను పోగొట్టుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుడు. తరువాత కీవ్‌లో లిసెంకో పేరు మీద వున్న సంగీత నాటక పాఠశాలలో వెర్‌హోవినెత్స్ దగ్గర పాఠాలు విన్నారు. ఎన్నో యేళ్ళు కాదు, కొద్ది కాలమే. ఆ కొద్దిపాటి విద్యే ఆయన మూలధనం.

స్వతంత్ర ఉక్రెయిన్ కోసం పోరాడిన సేన 1920లో ఓడిపోయింది. వేలాది సైనికులను పోలండ్ ప్రభుత్వం శిబిరాలలో నిర్బంధించింది. కలిష్ అనే ఊరి శిబిరంలో 1921లో అవ్‌రమెన్కో నృత్య పాఠశాల తెరిచారు. పాఠకులు ఒకసారి ఊహించుకోవాలి. దేశం పోయింది, జీతం లేదు, తిండి చాలదు, చుట్టూ ముళ్ళకంచె. ఆ లోపల సైనికులు చేతులు కట్టుకుని కూర్చోక హోపాక్ అడుగులు నేర్చుకున్నారు. ఆయన నేర్పే పద్ధతి కూడా సైనిక కవాతును పోలి వుండేది. వరుసలు, ఆజ్ఞలు, లెక్కలు. ఒకేసారి వందమందికి నేర్పగలిగేవారు.

శిబిరం నుండి బయటపడ్డాక పడమటి ఉక్రెయిన్ ఊళ్ళు తిరిగి తరగతులు పెట్టారు. 1925 చివర కెనడా చేరారు. 1926లో టొరంటోలో జరిగిన జాతీయ ప్రదర్శనలో ఆయన శిష్యులు ఆడారు. ఆపైన విన్నిపెగ్, పశ్చిమ మైదానాల ఊళ్ళు, తరువాత అమెరికా. ఆయన పద్ధతి ఇది: ఊరిలో దిగడం, హాలు తీసుకోవడం, రుసుము కట్టించుకుని కొన్ని వారాలు నేర్పడం, పెద్ద ప్రదర్శన యిచ్చి తెలివైన శిష్యునికి బాధ్యత అప్పగించి మరొక ఊరికి పోవడం. ఆ శిష్యుడు ఇక గురువు. నిన్న మొన్నటివరకు గనిలోనో పొలంలోనో పనిచేసిన కుర్రవాడు నేడు నలభై మంది పిల్లలకు ఆచార్యుడు. వాని శిక్షణ అంతా కొన్ని వారాలు, ఒక పుస్తకం, మిగిలినది ధైర్యం.

1931 ఏప్రిల్‌లో న్యూయార్కు మెట్రొపాలిటన్ ఒపేరా భవనంలో అవ్‌రమెన్కో వందలాది నర్తకులను వేదిక ఎక్కించారు. వారిలో ఎక్కువమంది కూలివాళ్ళ బిడ్డలు. అదే 1931లో ఇక్కడ మన పెద్దలు దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభను స్థాపించారు. ఎవరినీ ఎరుగని యిద్దరు పరాయి దేశపు కూలిజనులు ఒకే యేడు తమ పేరు నలుగురికీ వినిపించాలని లేచి నిలబడ్డారన్న మాట.

అవ్‌రమెన్కో తరువాత చలనచిత్రాలు తీసి అప్పులపాలయారు. 1981లో న్యూయార్కులో కన్నుమూశారు. ఉక్రెయిన్ స్వతంత్రమయ్యాక, 1993లో ఆయన అస్థికలను స్వగ్రామమైన స్తెబ్లివ్‌కు తీసుకువెళ్ళి సమాధి చేశారు.

ఆయన చేసిన మేలు చెప్పనలవి కానిది. పరాయి పిల్లల ఎదుట తమ పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడిన తరం ఆయన వల్ల తల ఎత్తుకున్నది. కాని నష్టం కూడా చెప్పాలి. ఆయన నేర్పిన పద్ధతి, వేయించిన దుస్తులు చాలావరకు ద్నీప్రో నది పరిసరాల నడిమి ఉక్రెయిన్‌వి. పూలకిరీటం, రంగుల రిబ్బన్లు, ఎర్ర బూట్లు, వెడల్పాటి షరాయి. కెనడాకు వచ్చినవారేమో పడమటివారని పైన చెప్పాము. బుకోవినా తల్లి పెట్టెలో పొడుగాటి కుట్టుపని చొక్కా మడతలలోనే వుండిపోయింది. కూతురు నృత్య తరగతి కోసం పొల్తావా దుస్తులు కుట్టించుకున్నది. పెళ్ళిళ్ళలో తాతలు ఆడిన చిన్న చిన్న ఆటలు 'మోటువి' అయిపోయి, వేదిక మీద ఆడేదే అసలు ఉక్రెయిన్ నృత్యం అనిపించుకున్నది. ఇది ఒకరు చెడు తలచి చేసినది కాదు. గురువు తనకు వచ్చినదే నేర్పుతాడు. ఊరివాళ్ళకు వచ్చినది ఏమిటని అడగడానికి ఆయనకు తీరిక లేకపోయింది, వారికీ చెప్పాలని తోచలేదు.

బాలే కమ్మీ పట్టుకున్న జానపదం

మూడవ రకం గురువు సోవియట్ ప్రభుత్వం తయారుచేసినది. పావ్లో విర్‌స్కీ 1905లో ఒదెస్సా నగరంలో పుట్టారు. అక్కడి సంగీత నాటక పాఠశాలలో చదివి, మాస్కోలో పై శిక్షణ పొంది, బాలే నర్తకుడుగా, నృత్య దర్శకుడుగా పనిచేశారు. 1937లో మికోలా బొలొతోవ్‌తో కలిసి ఉక్రెయిన్ రాష్ట్ర జానపద నృత్య బృందాన్ని స్థాపించారు. ఇక్కడ తారీఖులు చూడండి. 1932-33లో ప్రభుత్వం తెచ్చిపెట్టిన కరువులో ఉక్రెయిన్ పల్లెలలో లక్షలాది రైతులు ఆకలితో చనిపోయారు. 1937లో అదే ప్రభుత్వం పల్లె ఆటకు ఘనమైన బృందాన్ని యిచ్చింది. 1938లో పల్లె ఆటను వ్రాసిపెట్టిన మనిషిని చంపింది. ఆడే రైతు వేదిక మీద నవ్వుతూ వుండాలి, మాట్లాడే రైతు మాత్రం వుండకూడదు.

అయినా విర్‌స్కీ విద్యను తక్కువ చేయకూడదు. యుద్ధకాలం నుండి 1955 వరకు ఎర్రసైన్యపు పాటల, నృత్యాల బృందానికి నృత్య దర్శకుడుగా వుండి, 1955లో కీవ్‌కు తిరిగి వచ్చి, 1975లో చనిపోయేవరకు తన బృందాన్ని నడిపారు. ఆయన కూర్చిన 'జపొరోజ్‌త్సి', 'పొవ్‌జునెత్స్' వంటి నృత్యాలను ప్రపంచమంతా చూసింది. 1977లో ఆ బృందానికి ఆయన పేరు పెట్టారు. 1980లో మిరొస్లావ్ వంతూఖ్ దాని నాయకత్వం తీసుకున్నారు. ఆయన ల్వివ్ ప్రాంతపు పల్లెలో పుట్టి, ల్వివ్‌లో 'యూనిస్త్' అనే యువజన బృందాన్ని నడిపి పేరు తెచ్చుకున్నవారు.

ఈ బాటలో నర్తకుని శిక్షణ చిన్ననాడే మొదలవుతుంది. ముందు గోడ పక్కన వున్న కమ్మీ పట్టుకుని బాలే వ్యాయామం. మోకాళ్ళు వంచడం, పాదం చాచడం, వెన్ను నిలపడం. ఆపైన అదే కమ్మీ దగ్గర జానపదానికి తగిన మడమ దెబ్బలు, కాలి విసుర్లు. ఆ తరువాతనే హాలు నడుమకు వచ్చి గిరగిర తిరగడాలు, గంతులు. చివర ప్రాంతాల వారీగా నృత్యాలు: పొలిస్సియా అడవులవి, పొదిల్యావి, హుత్సుల్ కొండలవి, బుకోవినావి. గురువు కాదలచినవారు నృత్యం కూర్చడం, సంగీతం, వేషధారణ కూడా చదవాలి. ఊరూరా ప్రభుత్వం కట్టిన సంస్కృతి భవనాలలో పిల్లలకు నేర్పడానికి వేలాదిమంది శిక్షకులు కావలసి వచ్చారు. వారి కోసం ప్రత్యేక పాఠశాలలు, 1968లో కీవ్‌లో సంస్కృతి విద్యాలయం వెలిశాయి. కీమ్ వసిలెన్కో అనే ఆచార్యుడు 1971లో ఉక్రెయిన్ వేదిక నృత్యపు అడుగులను నిఘంటువు మాదిరి వర్గీకరించి పుస్తకంగా తెచ్చారు. అవ్‌రమెన్కో శిష్యునికి కొన్ని వారాల విద్య. కీవ్ శిక్షకునికి కొన్ని యేళ్ళ విద్య, చేతిలో పట్టా.

ఇంత శ్రద్ధలో పోయినది ఏమిటి? పల్లె ఆటలో లావుపాటి పెద్దమ్మ కూడా ఆడేది. అరవై యేళ్ళ తాత ఆడేవాడు. కమ్మీ దగ్గర పదేళ్ళు సాధన చేసినవారు ఆడే ఆటను వీరు కూర్చుని చూడవలసిందే. ఊరు రెండు ముక్కలయింది, ఆడేవారు కొందరు, చూసేవారు కొందరు.

సముద్రం యివతల

రెండవ ప్రపంచయుద్ధం తరువాత మరొక రకం గురువులు అమెరికా ఖండానికి వచ్చారు. రోమా ప్రీమా-బొహచేవ్‌స్కా 1927లో పెరెమిష్ల్ పట్టణంలో పుట్టారు. ల్వివ్ నగరంలో బాలే నేర్చుకున్నారు. యుద్ధంలో ఇల్లు వదిలి వియన్నాలో నృత్య విద్య పూర్తిచేసి, ఇన్స్‌బ్రుక్‌లో ప్రధాన నర్తకిగా ఆడారు. తరువాత న్యూయార్కు వచ్చి మార్తా గ్రాహం దగ్గర ఆధునిక నృత్యం కూడా నేర్చుకున్నారు. ఇంత చదివిన మనిషి తన వారి పిల్లలకు నేర్పడానికి ఊరూరూ తిరిగారు. వేసవి శిబిరాలు నడిపారు. 1978లో 'సిజొక్రిలి' అనే బృందాన్ని స్థాపించి, 2004లో చనిపోయేవరకు నేర్పుతూనే వున్నారు. ఆమె శిష్యురాళ్ళలో ఎందరో తామూ గురువులయారు.

కెనడాలో పుట్టినవారూ గురువులయారు. 1959లో చెస్టర్ కుత్స్ ఎడ్మంటన్‌లో 'షుంకా' బృందాన్ని, 1969లో 'చెరెమోష్' బృందాన్ని స్థాపించారు. ఆయన అడుగులతో పాటు కుట్టుపనినీ, ప్రాంతాల దుస్తులనూ శ్రద్ధగా పరిశీలించిన మనిషి. పెట్టెలలో మడతపెట్టి వున్న బుకోవినా చొక్కాలకు మళ్ళీ గౌరవం రావడం ఇటువంటివారి వలననే.

విద్య కోసం ఎక్కడకు పోవాలి అన్న ప్రశ్న ఆ సంఘాలను చీల్చింది కూడా. వామపక్ష సంఘంవారు తమ యువకులను కీవ్‌కు పంపి నేర్పించారు. సోవియట్ ప్రభుత్వాన్ని శత్రువుగా చూసిన సంఘాలవారు అక్కడి నుండి గురువును తెచ్చుకోవడం పరువు తక్కువ అనుకున్నారు. కాని 1960ల్లో విర్‌స్కీ బృందం అమెరికా, కెనడాలకు వచ్చి ఆడినప్పుడు ఆ కోపగించుకున్నవారి పిల్లలే ముందు వరుసలో కూర్చుని అడుగులు కంఠస్థం చేసుకున్నారు. 1991లో ఉక్రెయిన్ స్వతంత్రమయ్యాక ఈ అడ్డు తొలగింది. కీవ్, ల్వివ్ పట్టాలు వున్న శిక్షకులు కెనడాకు వచ్చి స్థిరపడ్డారు. 2022 ఫిబ్రవరిలో రష్యా పెద్ద ఎత్తున దాడి చేసిన తరువాత ప్రాణాలు దక్కించుకుని వచ్చిన వేలాది కుటుంబాలలో నృత్య శిక్షకులూ వున్నారు.

తిరిగి పెళ్ళి పందిరికి

ఈ చరిత్రను బాగా పరిశీలించిన పండితుడు అల్బర్టా విశ్వవిద్యాలయపు ఆంద్రీ నహచెవ్‌స్కీ. ఆయన కూడా ముందు నర్తకుడే. ఆయన చేసిన ఒక విభజన మాకు చాలా నచ్చింది. ఇప్పటి క్షణంలో మునిగి, అందులోనే తృప్తి పొందుతూ ఆడేది ఒక రకం. 'ఇది మన పెద్దల ఆట' అని గతాన్ని తలుచుకుంటూ ఆడేది ఇంకొక రకం. మేము మొదటిదాన్ని బ్రతుకు ఆట అనీ, రెండవదాన్ని తలపు ఆట అనీ చెప్పుకుంటున్నాము. పల్లెలో పెళ్ళి ఆట మొదటిది. అవ్‌రమెన్కో నుండి విర్‌స్కీ వరకు గురువులు నేర్పినది చాలావరకు రెండవది.

కాని కథ ఇక్కడ ఆగలేదు. కెనడాలో ఈనాటికీ ఉక్రెయిన్ వారి పెళ్ళి విందులో కొలొమీయ్‌కా వుంటుంది. అందరూ గుండ్రంగా నిలబడతారు. ఒక్కొక్కరు నడుమకు దూకి తమకు వచ్చిన విద్య చూపుతారు. ఆ విద్య ఎక్కడిది? చిన్నప్పుడు శనివారం తరగతిలో నేర్చుకున్నది. విర్‌స్కీ వేదిక నుండి వచ్చిన గంతు ఒకటి, అవ్‌రమెన్కో శిష్యుని శిష్యుడు నేర్పిన ప్రిస్యాద్‌కా ఒకటి. ఎవరూ లెక్క చెప్పరు, ఎవరూ వరుస సరిచేయరు. తరగతిలో నేర్చిన తలపు ఆట పెళ్ళి పందిరిలో మళ్ళీ బ్రతుకు ఆట అయింది. పెద్దమ్మలూ తాతలూ గుండ్రంలో చేతులు తడుతూ నిలబడతారు, మనసయితే రెండు అడుగులు వేస్తారు.

మన సంగతి

ఇప్పుడు మన సంగతికి వస్తాము. మా ఊరి సభలో చాలా యేళ్ళుగా పిల్లలకు కోలాటం నేర్పిన అవ్వకు ఇప్పుడు నిలబడే ఓపిక లేదు. ఆమె ఏ బడికీ పోలేదు. చెరకు తోటల బారకాసులలో తన తల్లి ఆడుతుంటే చూసి నేర్చుకున్నది. కొందరు సభ్యులు ఇండియా నుండి పట్టా పొందిన నృత్య గురువును పిలిపించాలంటారు. కొందరు అవ్వ దగ్గర నేర్చుకున్న ఆడపిల్లలకే అప్పగించాలంటారు. మాటలు పెరిగాయి. ఒకరు అవ్వ ఆటను 'తోట ఆట' అన్నారు. అవ్వ మనుమరాలు ఆ రోజు సమావేశం నుండి లేచి వెళ్ళిపోయింది.

ఉక్రెయిన్ వారి చరిత్ర చదివాక మాకు తోచినది ఇది. పట్టా వున్నవారు రావద్దని మేము అనము. మేమే ఈ తెలుగును అమ్మ ఒడిలో నేర్చుకోలేదు. సభవారు నడిపిన సాయంకాలపు తరగతిలో పలక పట్టుకుని నేర్చుకున్నాము. తరగతిలో నేర్చుకున్నది నకిలీ అయితే ఈ వ్యాసమూ నకిలీదే. వెర్‌హోవినెత్స్ కూడా చదువుకున్న మనిషే. అయితే ఆయన నేర్పడానికి ముందు పల్లెలో కూర్చుని నేర్చుకున్నారు. అవ్‌రమెన్కోకు ఆ తీరిక లేకపోయింది. ఆ యిద్దరి మధ్య వున్న తేడాకు వెల కట్టినవారు పెట్టెలలో చొక్కాలు మడతపెట్టుకున్న తల్లులు.

కనుక సభకు మా మనవి. గురువును పిలవండి. కాని ఆయనో ఆమెయో వచ్చిన మొదటి నెల పిల్లలకు నేర్పకూడదు. అవ్వ ఎదుట కూర్చుని నేర్చుకోవాలి. ఆ తరువాత తమ విద్య నేర్పవచ్చు, రెండూ వుంటాయి. గురువు వచ్చేలోపల మనం ఒక పని చేయాలి. అవ్వకు తెలిసిన కోపులన్నీ వాటి పేర్లతో సహా వ్రాసిపెట్టాలి.

ఆ పని మేము మొదలుపెట్టాము. ఆదివారం మధ్యాహ్నాలు అవ్వ దగ్గరకు వెళుతున్నాము. ఆమె మంచం మీద కూర్చుని రెండు చెంచాలతో తాళం వేసి చూపుతుంది. మేము వ్రాసుకుంటాము. అవ్వ మనుమరాలు ఆడి చూపుతుంది. "ఇందులో రాసుకునేదేముంది నాయనా, ఆడితే వస్తుంది గదా" అని అవ్వ నవ్వుతుంది. ఆమె మాట నిజమే. కాని ఆడే పందిళ్ళు తగ్గిపోయినప్పుడు నోటుపుస్తకమే కొన్నాళ్ళు పందిరిగా వుండాలి. ఇప్పటికి పదకొండు కోపులు వచ్చాయి. ఇంకా రెండు మూడు వున్నాయనీ, వాటి పాట గుర్తుకు రావడం లేదనీ అవ్వ అంటున్నది. పాఠకులలో ఎవరి యింటనైనా తోటల కాలపు కోలాటం పాట తెలిసిన పెద్దలు వుంటే దయచేసి పత్రికకు తెలియజేయండి. మేమే వచ్చి వ్రాసుకుంటాము.